క్యాంపు ఆస్పత్రికి పక్క ఊరి వాళ్లు రావచ్చా?

పోయిన సంచికలో బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ రోహింగ్యా క్యాంపుల్లో ఆరోగ్య ప్రాజెక్టులు ఎలా నడుస్తాయో కొద్దిగా రాశాక మీ దగ్గర్నుంచి చాలా ఉత్తరాలు, మెయిళ్లు వచ్చాయి. కొందరు మెచ్చుకున్నారు, కొందరు కోప్పడ్డారు, కొందరైతే "ముందు అక్కడి పేదల సంగతి చూడండి" అని గట్టిగానే అడిగారు. అడగాల్సిన ప్రశ్నే అది, కాబట్టి దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక ఎంబీబీఎస్ ఫైనలియర్ విద్యార్థి): అక్కా, క్యాంపులో డాక్టర్లు, నర్సులు, మందులు ఉంటే చాలు కదా? మధ్యలో ఈ ప్రాజెక్ట్ మేనేజర్ రోజంతా ఏం చేస్తారు?

జవాబు: తమ్ముడూ, 2017లో ఏం జరిగిందో చెప్తాను, నీకే తెలుస్తుంది. ఆగస్టు 25 తర్వాత కొద్ది నెలల్లోనే మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలు సరిహద్దు దాటి వచ్చారు. కొండవాలు మీద చెట్లు కొట్టేసి, వెదురు బొంగులకి టార్పాలిన్ కట్టుకుని ఉన్నారు. సాయానికి వచ్చిన ప్రతి సంస్థా ఎవరికి వాళ్లు చేతిపంపులు దింపారు, లెట్రిన్ గుంతలు తవ్వారు. తొందరలో లోతులేని పంపులు, వాటి పక్కనే లెట్రిన్లు వచ్చాయి. ఆ తర్వాత అలాంటి పంపుల్ని మూసేయాల్సి వచ్చింది, నిండిన గుంతల్లోది ఎక్కడికి మోసుకెళ్లాలో, బండి ఎక్కని కొండ మీద నుంచి ఎలా దించాలో ఎవరికీ అర్థం కాలేదు. నీళ్ల విరేచనాలతో వచ్చిన పిల్లకి డాక్టరు ఓఆర్ఎస్ ఇచ్చి పంపుతారు, ఆ పిల్ల మళ్లీ అదే పంపు నీళ్లు తాగి వారానికి తిరిగొస్తుంది. ఆ పంపు సంగతి పట్టించుకోవడమే మేనేజర్ ఉద్యోగం.

సహాయ శిబిరాల్లో కనీసం ఏమేం ఉండాలో చెప్పే స్ఫియర్ ప్రమాణాలని ఉంటాయి, ఈ రంగంలో అందరూ వాటినే పట్టుకుంటారు. మనిషికి రోజుకి కనీసం 15 లీటర్ల నీళ్లు, ఒక కుళాయికి 250 మందికి మించకూడదు, ఒక లెట్రిన్‌కి 20 మంది. రోజుకి 10,000 మందిలో ఒకరికి మించి చనిపోతుంటే ఎమర్జెన్సీ కింద లెక్క, ఐదేళ్లలోపు పిల్లల్లో అయితే ఇద్దరు. ఈ చావుల లెక్కకి ఆస్పత్రి రిజిస్టరు ఒక్కటే చాలదు, ఎందుకంటే చాలామంది గుడిసెలోనే పోతారు. అందుకే ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలతో పాటు, శ్మశానంలో కొత్త గోతులు లెక్కపెట్టి చెప్పే మనిషిని కూడా పెట్టుకుంటాం. వినడానికి కష్టంగా ఉంటుంది, కానీ రెండు వారాల్లో గోతులు పెరిగాయని ఆ మనిషి చెప్తేనే ఏ బ్లాకులో ఏం జరుగుతోందో వెళ్లి చూస్తాం.

ఆ ఏడాది అక్టోబరులో కలరా రాకముందే 9 లక్షల డోసుల టీకా తెప్పించి వేశారు, అంత ఇరుకులో కూడా పెద్ద కలరా చెలరేగలేదు. కానీ నవంబరులో డిఫ్తీరియా మొదలైంది, మన పెద్దవాళ్లు కంఠసర్పి అనేవాళ్లే, అది. రఖైన్‌లో వాళ్లకి పిల్లల టీకాలు సరిగ్గా అందలేదు కాబట్టి వేలల్లో కేసులు వచ్చాయి, నలభై మందికి పైగా పోయారు. దాని విరుగుడు మందు యాంటీటాక్సిన్‌కి ప్రపంచమంతటా కొరతే. ఉన్న సీసాలు ఏ సెంటర్లో పెట్టాలి, ఎవరికి ఇవ్వాలి, రోగితో కలిసి పడుకున్నవాళ్లందరినీ వెతికి యాంటీబయాటిక్ ఎవరు మింగించాలి, రాత్రిపూట రోగిని ఏ దారిలో మోసుకురావాలి... ఇవన్నీ ముందురోజే తేల్చిపెడితేనే డాక్టరు చదివిన చదువు రోగికి ఉపయోగపడుతుంది.

ప్రశ్న (కరీంనగర్ నుంచి ఒక రిటైర్డ్ టీచర్): మన పీహెచ్‌సీలోనే ఒక్కోసారి బీపీ మాత్రలు ఉండవు. వేరే దేశం నుంచి వచ్చినవాళ్లకి ఉచిత వైద్యం, ఉచిత బియ్యం అంటే అక్కడి పేదవాళ్లకి కడుపు మండదా మేడమ్?

జవాబు: మండుతుంది మాస్టారూ. అందులో న్యాయం కూడా ఉంది. 2011 లెక్కల ప్రకారం క్యాంపులున్న ఉఖియా, టెక్నాఫ్ ఉపజిల్లాలు రెండూ కలిపినా జనాభా 5 లక్షల లోపే. వాళ్ల మధ్యకి కొద్ది నెలల్లో అంతకన్నా ఎక్కువమంది వచ్చి కూర్చున్నారు. కూలి రేట్లు పడిపోయాయి, కూరగాయల ధరలు పెరిగాయి, వంటచెరకు కోసం అడవి కరిగిపోయింది. నాఫ్ నదిలో చేపల వేటని 2017లో ప్రభుత్వం ఆపేయడంతో స్థానిక జాలర్ల బతుకుతెరువు పోయింది, ఆ జాలర్లలో చాలామందే మొదటి వారాల్లో తమ వాకిట్లో అన్నం వండి వచ్చినవాళ్లకి పెట్టారు. పెట్టిన చేతికే పని లేకుండా పోతే ఆ కోపాన్ని తప్పుపట్టడానికి ఎవరికీ హక్కు లేదు.

ఇంకో సంగతి ఉంది, బయటికి అంతగా తెలీదు. అంతర్జాతీయ సంస్థలు ఇచ్చే జీతాలు ప్రభుత్వ జీతాలకంటే ఎక్కువ. క్యాంపులో కొత్త క్లినిక్ తెరిస్తే జిల్లా ఆస్పత్రిలో పనిచేసే నర్సు, ల్యాబ్ టెక్నీషియన్ సెలవు పెట్టి ఇటు వచ్చేస్తారు. అంటే మనం సాయం చేయడానికి వెళ్లి పక్క ఊరి ఆస్పత్రిని ఖాళీ చేస్తున్నాం అన్నమాట. జీతాల్లో ఒక పద్ధతి పాటించాలని, జిల్లా వైద్యాధికారితో మాట్లాడకుండా ఆయన సిబ్బందిని తీసుకోకూడదని మొదటి నెలలోనే అందరూ కూర్చుని రాసుకోకపోతే తర్వాత సరిదిద్దడం చాలా కష్టం.

ఉఖియా దగ్గర ఒక క్లినిక్ గేటు ముందు నేను చూసిన దృశ్యం చెప్తాను. బయట చెట్టు కింద ఒకావిడ బిడ్డనెత్తుకుని నిలబడి ఉంది, ఎంతకీ లోపలికి రాదు. అడిగితే, "మేం ఇక్కడి వాళ్లం, మాకు కార్డు లేదు కదా" అంది. లోపలున్న గుమాస్తా వచ్చినవాళ్లని అడిగే మొదటి మాట "కార్డు ఏదీ" అనే. బిడ్డ జబ్బకి పోషణ కొలిచే రంగుల టేపు చుడితే పసుపు దగ్గర ఆగింది, అంటే 115 మిల్లీమీటర్లకి పైన, 125కి లోపల, పోషకాహార లోపం ఉన్నట్టే. ఆ టేబుల్ దగ్గర పద్ధతి మార్చడానికి డబ్బు ఖర్చేమీ లేదు. ముందు బరువు, టేపు, జ్వరం చూడాలి, కార్డు నంబరు చివర్లో రాసుకోవాలి, లేకపోతే ఊరి పేరు రాసుకోవాలి. అప్పటి నుంచి పక్క ఊరి వాళ్లు రావడం మొదలుపెట్టారు.

అందుకే నేను ఏ ప్రాజెక్టు చూసినా మొదట అడిగేది, పక్క ఊరి వాళ్లు ఈ ఆస్పత్రికి వస్తున్నారా అని. వస్తుంటే ఆ ఆస్పత్రి పదేళ్లైనా ఉంటుంది, ఎందుకంటే దాన్ని కాపాడుకునే ఓటర్లు ఉంటారు, నడపాలని అడిగే ఎమ్మెల్యేలాంటి వాళ్లు ఉంటారు. శరణార్థులకి ఓటు లేదు. వాళ్ల కోసమే కట్టింది నిధులు ఆగిన రోజు మూతపడుతుంది.

ఉగాండా ఈ విషయంలో చాలా ముందు ఉంది. 2006లో చేసిన చట్టం ప్రకారం అక్కడ శరణార్థి పని చేసుకోవచ్చు, దేశంలో తిరగొచ్చు, సెటిల్‌మెంట్లో చిన్న భూమి ముక్క కూడా ఇస్తారు. దక్షిణ సూడాన్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చినవాళ్ల కోసం 2016 ఆగస్టులో యుంబే జిల్లాలో బిడిబిడి అనే శరణార్థి సెటిల్‌మెంట్ మొదలైతే, ఆ ఏడాది చివరికే రెండున్నర లక్షలు దాటారు. ఆ భూమి అక్కడి కుటుంబాలు, తెగ పెద్దలు ఇచ్చిందే, బదులుగా వాళ్లు బడి, ఆస్పత్రి, రోడ్డు అడిగారు. సాయంలో 30 శాతం స్థానికులకి చేరాలనే నియమం అక్కడ అందరి నోటా వినిపిస్తుంది. క్లినిక్‌లని మెల్లగా ప్రభుత్వ వ్యవస్థలో కలుపుతున్నారు. అన్నీ బాగున్నాయని కాదు, అక్కడా మందులు అయిపోతాయి, కానీ అయిపోతే ఇద్దరికీ ఒకేసారి అయిపోతాయి.

కాక్స్ బజార్లో కూడా కొన్ని మంచి పనులు జరిగాయి. 2018 నుంచి గ్యాస్ సిలిండర్లు ఇవ్వడంతో కట్టెల కోసం అడవికి వెళ్లడం బాగా తగ్గింది, ఆ గ్యాస్ స్థానిక కుటుంబాలకి కూడా ఇచ్చారు. కట్టెల కోసం వెళ్లే ఆడపిల్లల మీద దాడులు తగ్గడం, గుడిసెలో పొగ తగ్గి పిల్లల దగ్గు తగ్గడం, ఇవన్నీ కూడా నా లెక్కలో ఆరోగ్య కార్యక్రమాలే.

ప్రశ్న (అమెరికాలోని కొలంబస్, ఒహాయో నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని): మా అపార్ట్‌మెంట్లలో భూటాన్ నుంచి వచ్చిన నేపాలీ కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లలు బాగానే కలిసిపోయారు, పెద్దవాళ్లు మాత్రం రోజంతా కిటికీ దగ్గరే. వీళ్లు ఇక్కడికి ఎలా వచ్చారు, మేం ఏమైనా చేయగలమా?

జవాబు: మీరు అడిగినందుకు సంతోషం అమ్మా. 1990ల మొదట్లో నేపాలీ మాట్లాడే ల్హోత్షాంపాల్ని భూటాన్ నుంచి వెళ్లగొట్టారు. తూర్పు నేపాల్లో ఝాపా, మొరంగ్ జిల్లాల్లోని ఏడు క్యాంపుల్లో దాదాపు రెండు దశాబ్దాలు ఉన్నారు. భూటాన్ తిరిగి తీసుకోలేదు, నేపాల్ పౌరసత్వం ఇవ్వలేదు. 2007 చివర్లో వేరే దేశాలకి పంపడం మొదలై, మొత్తం ఎనిమిది దేశాలకి 1,13,000 మందికి పైగా వెళ్లారు, అందులో 90 వేలకి పైగా అమెరికాకే. ప్రపంచంలోని శరణార్థుల్లో ఏటా ఒక శాతం మందికి కూడా ఈ దారి దొరకదు, కాబట్టి ఇది అరుదైన విజయమే.

ప్రయాణానికి ముందు డమక్ అనే ఊళ్లో మెడికల్ పరీక్ష ఉండేది. పదిహేనేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఛాతీ ఎక్స్‌రే తీసేవాళ్లు. అనుమానం ఉంటే తెల్లవారుజామున కళ్లె తీసి కల్చర్‌కి పంపేవాళ్లు, దానికే ఎనిమిది వారాల దాకా పట్టేది. టీబీ తేలితే కనీసం ఆరు నెలలు రోజూ ఎదురుగా నిలబడి మందు మింగించాల్సి వచ్చేది. ఇంట్లో తాతకి టీబీ ఉందనుకోండి, మిగతావాళ్లు ఆగాలా, వెళ్లాలా? ఆగితే వాళ్ల మెడికల్ గడువు అయిపోతుంది, మళ్లీ చేయించేసరికి సెక్యూరిటీ క్లియరెన్స్ గడువు అయిపోతుంది. వెళ్తే ముసలాయన ఒక్కడే క్యాంపులో మిగులుతాడు. ఈ తేదీలన్నీ ఒకే నెలలో కలిసేలా చూడటమే పునరావాస ప్రాజెక్టులో సగం పని, మిగతా సగం ఆ తాత దగ్గర కూర్చుని ఏం జరుగుతోందో ఓపిగ్గా చెప్పడం. బయల్దేరే రోజు ఒక్కో కుటుంబం చేతిలో ఐఓఎం (అంతర్జాతీయ వలసల సంస్థ) అని అచ్చు వేసిన తెల్ల ప్లాస్టిక్ సంచి ఉండేది, ఎక్స్‌రేలు, టీకా కాగితాలు, వీసా కవర్లు అన్నీ అందులోనే. విమానం దిగాక ఎదురొచ్చినవాళ్లు ఆ సంచి చూసే గుర్తుపట్టేవాళ్లు.

అమెరికా చేరాక అక్కడి పునరావాస సంస్థ చూసుకున్నది మొదటి 90 రోజులే. టికెట్ డబ్బు వడ్డీలేని అప్పు, నెలనెలా తీర్చాల్సి వచ్చేది. ఈ తొందరలో కొన్ని జబ్బులు కనబడకుండా పోయాయి. క్యాంపులో ఏళ్ల తరబడి అన్నం, పప్పు, నూనె మీదే బతికినందువల్ల చాలామందిలో బి12 విటమిన్ లోపం బయటపడింది, కాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు, నీరసం. చలికాలం కదా అని వదిలేశారు చాలామంది. దానికన్నా పెద్ద విషాదం ఆత్మహత్యలు. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ 2009 నుంచి 2012 దాకా చూస్తే వీళ్లలో రేటు లక్షకి 20.3, మొత్తం అమెరికన్లలో 12.4. భాష రాకపోవడం, కుటుంబం విడిపోవడం, వెనక మిగిలినవాళ్ల గురించి దిగులు, పూజలు పండగలు నిలబెట్టుకోలేకపోవడం, ఇవే అప్పుడు ఎక్కువమంది చెప్పిన కష్టాలు. 2025లో అమెరికా వీళ్లలో కొందర్ని భూటాన్‌కి తిప్పి పంపింది, భూటాన్ ఉంచుకోకుండా బయటికి పంపేసింది. ఆ కిటికీ దగ్గరున్న పెద్దవాళ్లకి ఇప్పుడు ఆ భయం కూడా ఉండి ఉంటుంది.

మీరు చేయగలిగింది చాలానే ఉంది. వాళ్లలో చాలామందికి హిందీ అర్థమవుతుంది, వెళ్లి టీ తాగి మాట్లాడండి. ఆస్పత్రికి వెళ్లేటప్పుడు మనవడినో మనవరాలినో అనువాదానికి తీసుకెళ్తుంటారు, పన్నెండేళ్ల పిల్ల ముందు బామ్మ తన బాధ ఏం చెప్తుంది? ఫెడరల్ నిధులు తీసుకునే ఆస్పత్రులు అనువాదకుల్ని ఉచితంగా ఇవ్వాలి, అపాయింట్‌మెంట్ అప్పుడే ఫోన్‌లో అడగాలి, ఆ ఫోన్ మీరు చేసిపెట్టండి. బి12 పరీక్ష చేశారా అని అడగమనండి. ఇంకొకటి, ముసలివాళ్లకి వచ్చే ఎస్ఎస్ఐ అనే ప్రభుత్వ సాయం డబ్బు పౌరసత్వం లేకపోతే ఏడేళ్లకి ఆగిపోతుంది. జబ్బు వల్ల ఇంగ్లీషు నేర్చుకోలేనివాళ్లకి డాక్టరు నింపే ఎన్-648 ఫారంతో పౌరసత్వ పరీక్ష నుంచి మినహాయింపు అడగొచ్చు, ఈ సంగతి చాలా ఇళ్లలో తెలీదు. ఎవరైనా బతకాలని లేదని అంటే తేలిగ్గా తీసుకోకండి, అక్కడి ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి.

ప్రశ్న (విశాఖ నుంచి, పేరు వద్దన్నారు): నేను ఫార్మసిస్టుని. ఈ రంగంలోకి రావచ్చా?

జవాబు: తప్పకుండా రావచ్చు, మందుల స్టాకు చూసే మనిషి దొరకడమే కష్టం ఈ పనిలో. ఎక్స్‌పైరీ తేదీలు, చల్లగా ఉంచాల్సిన టీకాలు, మూడు నెలల ముందే ఆర్డరు, ఇవి చేతిలో పని ఉన్నవాళ్లకే వస్తాయి. ముందు రెండేళ్లు మన దగ్గరే జిల్లా డ్రగ్ స్టోర్‌లోనో, వరద సహాయంలోనో పని చేయండి, స్ఫియర్ హ్యాండ్‌బుక్ ఉచితంగా దొరుకుతుంది, చదవండి.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు): నిధులు తగ్గిపోతున్నాయని పేపర్లో చదువుతున్నాం. అప్పుడు మీరు దేన్ని ఆపేస్తారు?

జవాబు: ఇది రాస్తుంటేనే టెన్షన్‌గా ఉంది. 2023లో కాక్స్ బజార్ క్యాంపుల్లో మనిషికి నెలకి 12 డాలర్ల రేషన్ మార్చిలో 10 అయింది, జూన్‌లో 8 అయింది. ఆ ఏడాది చివరికి సర్వే చేస్తే పిల్లల్లో పోషకాహార లోపం 15 శాతం అనే ఎమర్జెన్సీ గీతని దాటింది. రేషన్ తర్వాత పెంచారు, కానీ ఆ నెలల్లో పుట్టిన పిల్లలకి ఆ లోటు మిగిలే ఉంటుంది. 2025 జనవరిలో అమెరికా శరణార్థుల్ని తీసుకోవడం ఆపేసినప్పుడు టికెట్లు చేతిలో ఉన్న కుటుంబాలు కూడా ఆగిపోయాయి, గుడిసె అప్పజెప్పి గిన్నెలు అమ్ముకున్నాక.

నా వరకు చివరిదాకా ఆపకూడనివి నీళ్లు, పిల్లల టీకాలు, కాన్పులు, టీబీ మందు, ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త. టీబీ మందు మధ్యలో ఆగితే మొండి టీబీ అవుతుంది, అది క్యాంపు కంచె దగ్గర ఆగదు. సంస్థలు సాధారణంగా ముందు కోసేది ఆరోగ్య కార్యకర్తల గౌరవవేతనమే, మొత్తం చిన్నది, అడిగేవాళ్లు లేరు. అక్కడ కోయొద్దని నేను ప్రతి మీటింగులో పోట్లాడతాను. మీటింగులు, వాహనాలు, రాజధానిలో ఆఫీసు అద్దె, ఒకే క్యాంపులో పక్కపక్కనే నడిచే రెండు చిన్న క్లినిక్‌లు, ముందు ఇవి చూడాలి.

ప్రశ్న (భద్రాచలం ఏజెన్సీ నుంచి ఒక ఏఎన్ఎం): మేడమ్, మీరు రాసేది ఎక్కడో దేశాల గురించి. మా సబ్‌సెంటర్ పరిధిలో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయలు అడవిలో గుడిసెలేసుకుని ఉన్నారు. టీకాకి వెళ్తే గుడిసెలు ఖాళీగా ఉంటాయి. మా ఊరి వాళ్లేమో వాళ్లకెందుకు అంటారు. ఏం చేయాలి?

జవాబు: చెల్లీ, నువ్వు చేస్తున్నది ఆ పనే. దేశం దాటలేదు కాబట్టి వాళ్లని శరణార్థులు అనరు, కానీ 2005 నుంచి బస్తర్ గొడవలకి భయపడి ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చినవాళ్లే చాలామంది. పోడు భూమి గురించి అటవీ శాఖతో గొడవ, తెలంగాణలో ఎస్టీ గుర్తింపు లేకపోవడం, వీటివల్ల ఖాకీ బట్టలు ఎవరివి కనబడినా, కొత్త మనిషి రిజిస్టరు తీసినా గుడిసెలు ఖాళీ చేస్తారు. వాళ్లు దాక్కునేది టీకాకి భయపడి కాదు, పేరు రాస్తే ఖాళీ చేయిస్తారేమోనని. అందుకే మొదటి రెండుసార్లు రిజిస్టరు తీసుకెళ్లకు. దోమతెరలు, జ్వరానికి రక్తపరీక్ష కిట్టు, మలేరియా మందు తీసుకెళ్లు. వాళ్లకి అప్పటికప్పుడు కావాల్సింది అదే.

ఆ గుంపులోనే ఎవరి మాట చెల్లుతుందో చూడు, పెద్దమనిషి కంటే మంత్రసాని అయితే ఇంకా మంచిది. ఆమెకి టేపు చుట్టడం నేర్పించు, ఎర్ర రంగులోకి వెళ్తే నీకు కబురు పెట్టమను, చదువు అక్కర్లేదు, రంగు చాలు. కార్డులు రెండు రాయి, ఒకటి తల్లి దగ్గర ప్లాస్టిక్ కవర్లో ఉండాలి, ఒకటి నీ దగ్గర. మిరప కోతలకి ఖమ్మం వైపు వెళ్లినా, పండక్కి సరిహద్దు అవతలికి వెళ్లినా అక్కడి ఏఎన్ఎం ఏ డోసు పడిందో చూసుకుంటుంది. కోతల కాలంలో పగలు వెళ్తే ఎవరూ ఉండరు, పొద్దున్నే ఆరింటికో, సాయంత్రం పొయ్యి వెలిగించాకో వెళ్లాలి, దానికి నీకు తోడు, బండి కావాలని మెడికల్ ఆఫీసర్ని రాతపూర్వకంగా అడుగు.

మీ ఊరి వాళ్ల మాటకొస్తే, దోమతెరలు గుడిసెల వాళ్లకి మాత్రమే ఇస్తే వాళ్లు తప్పకుండా అడుగుతారు, అడగాలి కూడా. దోమ ఇటు వాళ్లని అటు వాళ్లని చూసి కుట్టదు కాబట్టి రెండు చోట్లా ఒకే వారంలో పంచు, టీకా రోజు కూడా ఊరి అంగన్‌వాడీ దగ్గరే పెట్టి గుడిసెల తల్లుల్ని అక్కడికి రప్పించడానికి చూడు. మొదట్లో రారు. మంత్రసాని తన మనవడిని ఎత్తుకుని వచ్చిందంటే మిగతావాళ్లు ఆ వెనకే వస్తారు. వచ్చే నెల ఎంతమంది వచ్చారో నాకు రాయి, వాళ్ల పేర్లు వద్దు, అంకె చాలు.